బోర్డులో మహిళలుంటే లాభాలు పెరుగుతాయా? ఈ లెక్కలో ఎక్కడ కాలు జారుతుందంటే

"మహిళా డైరెక్టర్లు ఎక్కువగా ఉన్న కంపెనీలు 53 శాతం ఎక్కువ రాబడి తెచ్చాయి." మేనేజ్‌మెంట్ క్లాసుల్లో, కార్పొరేట్ సదస్సుల్లో, మార్చి 8 వచ్చిందంటే లింక్డిన్‌లో ఈ మాట ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటుంది. అంకె ఊహించి రాసింది కాదు. అమెరికాలోని కాటలిస్ట్ అనే సంస్థ 2007లో ఫార్చ్యూన్ 500 కంపెనీలను (అమెరికాలో అతిపెద్ద 500 కంపెనీల జాబితా) నాలుగు వాటాలు చేసి, మహిళా డైరెక్టర్లు బాగా ఎక్కువున్న పాతిక శాతాన్ని బాగా తక్కువున్న పాతిక శాతంతో పోల్చింది. వాటాదారుల పెట్టుబడి మీద మొదటి గుంపు సగటు రాబడి 13.9 శాతం, రెండో గుంపుది 9.1 శాతం. తేడా 4.8 పాయింట్లు. ఆ 4.8ని 9.1తో భాగిస్తే 53 శాతం వస్తుంది. 4.8 పాయింట్లు అంటే తల తిప్పి చూసేవాళ్లు తక్కువ, 53 శాతం అంటే నేరుగా స్లైడ్ మీదకెక్కుతుంది.

అసలు చిక్కు అంకె సైజులో లేదు. రెండు గుంపుల మధ్య మహిళా డైరెక్టర్ల సంఖ్య తప్ప ఇంకే తేడా లేదని ఎవరు చెప్పారు?

ఏది ముందు, ఏది వెనుక

పెద్ద కంపెనీ బోర్డులో 12 కుర్చీలుంటాయి, చిన్నదాంట్లో 6. పెద్ద కంపెనీ మీద మీడియా కన్ను, ఫండ్ మేనేజర్ల కన్ను ఎక్కువ కాబట్టి అక్కడ మహిళల నియామకం ముందుగా మొదలవుతుంది. అలాగే ఐటీ, బ్యాంకింగ్, మందులు, సబ్బులు-షాంపూల కంపెనీల్లో పై స్థాయికి చేరిన మహిళలు ఉక్కు, సిమెంటు, గనుల కంపెనీల్లో కంటే ఎక్కువ. ఏదో ఒక ఏడాది ఉక్కు ధర పడిపోయి ఐటీ బాగా నడిచిందనుకోండి. ఆ ఏడాది లెక్క తీసినవాడికి మహిళలున్న బోర్డులు గెలిచినట్టు కనిపిస్తుంది. వాడు కొలిచింది ఐటీకీ ఉక్కుకీ ఉన్న తేడా.

కాలక్రమం ఇంకో చిక్కు. మెకిన్సీ అనే వ్యాపార సలహా సంస్థ వరస నివేదికల్లో అంకెలు ఏటికేడు ఎక్కాయి. పై స్థాయి అధికారుల్లో మహిళలు ఎక్కువున్న కంపెనీలు మిగతావాటిని మించే అవకాశం 2015లో 15 శాతం ఎక్కువన్నారు, 2018లో 21, 2020లో 25, 2023లో 39 అన్నారు. ఇవి ప్రధానంగా ఎగ్జిక్యూటివ్‌ల లెక్కలు. వీటిని బోర్డు గురించి మాట్లాడేటప్పుడు ఉదహరించడమే మొదటి పొరపాటు, అది రోజూ జరుగుతూనే ఉంటుంది. జెరెమయా గ్రీన్, జాన్ హ్యాండ్ అనే అకౌంటింగ్ ఆచార్యులు 2024లో ఇంకో లోపం చూపించారు. ఆ నివేదికల్లో లాభాలు కొలిచిన ఏళ్లు ముందున్నాయి, వైవిధ్యాన్ని, అంటే మహిళలు, వేర్వేరు జాతులవాళ్లు ఎంతమంది అన్నదాన్ని, లెక్కపెట్టిన ఏడాది తర్వాతుంది. అంటే లాభాల్లో ఉన్న కంపెనీ తర్వాత తీరుబడిగా వైవిధ్యం మీద దృష్టి పెట్టిందని కూడా అదే అంకెతో చెప్పొచ్చు. జాతి వైవిధ్యం లెక్కను వాళ్లు ఎస్ అండ్ పీ 500 కంపెనీల మీద మళ్లీ చేసి చూస్తే ఆ సంబంధం దొరకలేదు.

ఇదే గడియారం ఎదురుదిశలోనూ మోసం చేస్తుంది. 2003లో లండన్‌లో ఒక దినపత్రిక, బోర్డుల్లోకి మహిళలు రావడం వల్ల బ్రిటిష్ కంపెనీలు దెబ్బతింటున్నాయన్న అర్థంలో ఒక కథనం వేసింది. మిషెల్ రయన్, అలెక్స్ హాస్లమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అవే పెద్ద కంపెనీల షేరు ధరలను నెలనెలా తీసి, నియామకానికి ముందు ఏం జరిగిందో చూశారు. మార్కెట్ మొత్తం పడుతున్న రోజుల్లో మహిళలను నియమించిన కంపెనీల షేర్లు అంతకు ముందు ఐదు నెలల నుంచే వరసగా దెబ్బతింటున్నాయి. మునిగే పడవకు చుక్కాని పట్టమని మహిళలను పిలిచారన్నమాట. 2005లో అచ్చయిన ఆ పరిశోధనే "గాజు కొండచరియ" అన్న పేరును వాడుకలోకి తెచ్చింది. అందుకే మహిళలు వచ్చాక లాభం పెరిగిందన్నా, తగ్గిందన్నా, వాళ్లు ఏ పరిస్థితిలో వచ్చారో తేలకుండా ఆ అంకెను నమ్మడానికి లేదు.

గట్టి లెక్కలు ఏమంటున్నాయి

ఒక్కో అధ్యయనాన్నీ పట్టుకుని వాదించుకునే బదులు అన్నింటినీ కలిపి చూసే పద్ధతి ఉంది. కోరిన్ పోస్ట్, క్రిస్ బైరన్ 2015లో 140 అధ్యయనాలను ఒకచోట చేర్చారు. షేరు మార్కెట్ విలువ తీసుకుంటే సంబంధం దాదాపు సున్నా. పుస్తకాల్లో కనిపించే లాభం తీసుకుంటే సంబంధం ఉంది, సహసంబంధ గుణకం (రెండు విషయాలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె, సున్నా అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తిగా కలిసి) 0.05 దగ్గర. అది ఎంతో తెలియాలంటే వర్గం చేయాలి. 0.05ని 0.05తో గుణిస్తే 0.0025. కంపెనీల లాభాల మధ్య ఉన్న తేడాల్లో మహిళా డైరెక్టర్ల సంఖ్యతో కలిసి నడిచేది పావు శాతం. మిగతా 99.75 శాతం ముడిసరుకు ధర, పోటీ, అప్పు, వడ్డీ, యాజమాన్యం తెలివి, అదృష్టం వంటివాటిది. ఆ పావు శాతం కూడా కారణమేనని ఎవరూ నిరూపించలేదు.

అదే అధ్యయనంలో ఇంకో విషయం జనం పట్టించుకోకుండా వదిలేశారు. మహిళలున్న బోర్డులు పర్యవేక్షణ మీదా, వ్యూహం మీదా ఎక్కువ శ్రద్ధ పెడుతున్నట్టు కనిపించింది. వాటాదారులకు చట్టం గట్టి రక్షణ ఇచ్చే దేశాల్లో లాభంతో సంబంధం కాస్త బలంగా ఉంది. అంటే ప్రశ్న అడిగిన డైరెక్టర్ వెనుక చట్టం నిలబడే చోట ఆ ప్రశ్నకు విలువ ఉంటుంది.

పర్యవేక్షణ సంగతిని ఇంకా దగ్గరగా చూసింది రెనీ ఆడమ్స్, డేనియల్ ఫెరేరా. 1996 నుంచి 2003 వరకు అమెరికా కంపెనీల సమాచారం తీసుకుని 2009లో ప్రచురించారు. మహిళా డైరెక్టర్ల హాజరు మగవాళ్లకంటే మెరుగ్గా ఉంది. మహిళలున్న బోర్డుల్లో మగ డైరెక్టర్ల హాజరు కూడా పెరిగింది. ఆడిట్ లాంటి నిఘా కమిటీల్లో మహిళలు ఎక్కువగా కూర్చున్నారు. షేరు పడిపోయినప్పుడు సీఈఓ పదవి పోయే అవకాశం కూడా ఆ కంపెనీల్లో ఎక్కువ. ఇక్కడి వరకు శుభవార్తే. కానీ ఏది కారణం, ఏది ఫలితం అన్నది జాగ్రత్తగా విడదీశాక, కంపెనీ పనితీరు మీద సగటు ప్రభావం మైనస్‌లో తేలింది. వాళ్ల వివరణ నాకు సబబుగానే అనిపిస్తుంది. అప్పటికే నిఘా గట్టిగా ఉన్న కంపెనీలో ఇంకా నిఘా పెంచితే, సీఈఓ సమయమంతా సంజాయిషీలకే సరిపోతుంది, సలహా అడగడం మానేస్తాడు. నిఘా బలహీనంగా ఉన్న కంపెనీలో అదే పర్యవేక్షణ మేలు చేసింది. ప్రమోటర్ (కంపెనీని పెట్టి నడిపించే యజమాని) మాటే శాసనంగా నడిచే మన కంపెనీల్లో చాలావాటిది రెండో రకమేనని నా అంచనా.

ఇక నార్వే. ఈ చర్చలో రెండు పక్షాలూ ఈ దేశాన్నే సాక్ష్యంగా తెచ్చుకుంటాయి. 2003 చివర్లో అక్కడి పార్లమెంటు పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల బోర్డుల్లో 40 శాతం మహిళలుండాలని చట్టం చేసింది. మొదట స్వచ్ఛందమన్నారు. కంపెనీలు కదలకపోవడంతో 2006 జనవరి నుంచి తప్పనిసరి చేసి, రెండేళ్ల గడువిచ్చారు. గడువు దాటితే జరిమానా ఉండదు, కంపెనీనే మూసేస్తారు. 2008 నాటికి లెక్క 40 శాతానికి చేరింది.

కెన్నెత్ ఆహెర్న్, ఏమీ డిట్‌మార్ 2012లో ఇచ్చిన తీర్పు కఠినం. చట్టం సంగతి బయటికి రాగానే షేర్లు పడ్డాయి, తర్వాతి ఏళ్లలో మార్కెట్ విలువకీ ఆస్తుల విలువకీ ఉన్న నిష్పత్తి కూడా బాగా తగ్గింది, బోర్డుల్లోకి వయసులో చిన్నవాళ్లు, అనుభవం తక్కువున్నవాళ్లు వచ్చారు అన్నారు. కోటాను వ్యతిరేకించేవాళ్లకు పదేళ్లపాటు ఇదే బ్రహ్మాస్త్రం. తర్వాత ఎస్పెన్ ఎక్బో బృందం అదే లెక్కను విప్పి చూసింది. ఒకే రోజు, ఒకే చిన్న మార్కెట్‌లో షేర్లన్నీ కలిసి కదులుతాయి కాబట్టి ఒక్కో షేరునూ విడి సాక్ష్యంగా లెక్కపెట్టకూడదు. ఆ దిద్దుబాటు చేస్తే ప్రభావం సున్నాకు భిన్నమని చెప్పలేని స్థితికి వచ్చింది. అర్హులైన మహిళలు దొరకలేదన్న వాదనా నిలబడలేదు. డేవిడ్ మాట్సా, అమాలియా మిల్లర్ లెక్కలో మరో సంగతి బయటపడింది. కోటా కిందికొచ్చిన కంపెనీలు ఉద్యోగులను తక్కువగా తొలగించాయి, జీతాల ఖర్చు పెరిగి తక్షణ లాభం తగ్గింది. దీన్ని నష్టమంటారా, దూరదృష్టి అంటారా అన్నది మీరు వాటాదారుగా చూస్తున్నారా ఉద్యోగిగా చూస్తున్నారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బోర్డులో మహిళలొస్తే కింది స్థాయి మహిళలకూ దారి తెరుచుకుంటుందన్న ఆశను మరియాన్ బెర్ట్రాండ్ బృందం పరీక్షించింది. కింది ఉద్యోగుల మీద చెప్పుకోదగ్గ ప్రభావమేదీ కనిపించలేదు.

ఇన్ని కాగితాలు చదివాక నాకు తేలిందొకటి. లాభం పేరు చెప్పి మహిళలను బోర్డులోకి తేవాలనడం బలహీనమైన వాదన. అది ఒప్పుకుంటే లాభం తగ్గిన ఏడాది వాళ్లను బయటికి పంపాలనే వాదనకూ తలొగ్గాల్సి వస్తుంది. మగ డైరెక్టర్లను నియమించేటప్పుడు ఇంత లెక్క ఎవరూ అడగలేదు కూడా. మహిళల రాకతో నిజంగా కదిలేది నిఘా. అది కూడా ఊరికే కదలదు.

సత్యం బోర్డులో ఆ రోజు

మహిళ ఒకరుంటే నిఘా దానంతటదే వస్తుందనుకునేవాళ్లకు హైదరాబాద్ చరిత్రే జవాబు. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు సమావేశమైంది. ప్రమోటర్ కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లు పెట్టి కొనాలన్నది ప్రతిపాదన. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో రియల్ ఎస్టేట్ కొనడమన్నమాట. బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లు, అంటే ప్రమోటర్లతో బంధుత్వం, డబ్బు సంబంధం లేనివాళ్లు, ఎక్కువే, అందరూ పేరున్న చదువరులు, అనుభవజ్ఞులు. వారిలో ఒక మహిళ, మంగళం శ్రీనివాసన్, ఏళ్ల తరబడి ఆ బోర్డులో ఉన్నారు. అప్పటికి మన దేశంలో మహిళా డైరెక్టర్ ఉండాలన్న చట్టమే లేదు. ప్రతిపాదన బోర్డులో నెగ్గింది. న్యూయార్క్‌లో సత్యం షేరు సగానికి పైగా పడిపోవడంతో గంటల వ్యవధిలోనే వెనక్కి తీసుకున్నారు. కొన్ని రోజులకు ఆమె రాజీనామా చేశారు. సమావేశంలో అభ్యంతరాలు చెప్పినా, వ్యతిరేక ఓటు వేయనందుకు నైతిక బాధ్యత తీసుకుంటున్నానన్నది ఆమె రాసిన లేఖ సారాంశం. 2009 జనవరి 7న రామలింగరాజు ఒప్పుకోలు లేఖతో లేని నగదు 5,040 కోట్ల సంగతి బయటపడింది. మేటాస్ కొనుగోలు ఆ బొక్కను పూడ్చే చివరి ప్రయత్నమని కూడా అందులోనే ఉంది.

అభ్యంతరం చెప్పడానికీ, వ్యతిరేక ఓటు వేసి మినిట్స్‌లో (సమావేశంలో జరిగినదాని లిఖిత రికార్డులో) ఎక్కించడానికీ మధ్య ఉన్న దూరమే ఈ చర్చకంతటికీ గుండెకాయ. అందరూ తలూపుతున్న గదిలో ఒక్కరే "నా భిన్నాభిప్రాయం రాసుకోండి" అనడం తేలిక కాదు. అక్కడ ఒంటరిగా కూర్చున్నవాళ్లకు ఇంకా కష్టం. అలిసన్ కాన్‌రాడ్, విక్కీ క్రేమర్, సుమ్రు ఎర్కుట్ 2008లో 50 మంది మహిళా డైరెక్టర్లతో మాట్లాడి రాసింది కూడా ఇదే. ఒక్కరుంటే ఆమె ఏం చెప్పినా "మహిళల అభిప్రాయం" అవుతుంది. ఇద్దరుంటే కాస్త నయం. ముగ్గురైతే గదిలో ఎవరు చెప్పారన్నది పోయి ఏం చెప్పారన్నది మిగులుతుంది. పది మంది బోర్డులో ముగ్గురంటే 30 శాతం. మన చట్టం అడిగేది ఒక్కరిని.

మన చట్టం, దానికి దొరికే సందులు

2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్ ప్రకారం స్టాక్ మార్కెట్‌లో నమోదైన ప్రతి కంపెనీ బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలి. మార్కెట్‌లో నమోదు కాని పబ్లిక్ కంపెనీ అయితే చెల్లించిన మూలధనం 100 కోట్లు గానీ టర్నోవర్ 300 కోట్లు గానీ చేరితే ఇది వర్తిస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్‌లకు వర్తించదు. నమోదైన కంపెనీలకు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మొదట 2014 అక్టోబర్ 1 అని గడువు పెట్టి, తర్వాత 2015 ఏప్రిల్ 1కి జరిపింది. అయినా చివరి వారం దాకా ఆగిన కంపెనీలు కోకొల్లలు. అప్పుడు జరిగింది అందరికీ తెలిసిన ముచ్చటే. భార్య, కూతురు, కోడలు, వదిన డైరెక్టర్లయ్యారు. చట్టంలో "మహిళ" అని ఉంది గానీ "స్వతంత్ర" అని లేదు కాబట్టి అది ఉల్లంఘన కూడా కాలేదు.

కుటుంబ సభ్యురాలైనంత మాత్రాన ఉత్సవ విగ్రహమే అనుకోవడం మాత్రం తప్పు. అపోలో ఆస్పత్రుల్లో ప్రతాప్ సి. రెడ్డి నలుగురు కూతుళ్లూ ఏళ్లుగా పూర్తికాలం పనిచేస్తూ వ్యాపారం నడుపుతున్నారు. అలాంటివాళ్లు బోర్డులో ఉండడం ఏ కోటా వల్లా కాదు. అయితే వాళ్లు చేసేది యాజమాన్య పని. యాజమాన్యాన్ని ప్రశ్నించే పని వాళ్ల నుంచి ఆశించలేం.

ఆ సందును మూయమని ఉదయ్ కోటక్ కమిటీ 2017లో సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు మీద సెబీ పెట్టిన నిబంధన ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకు 2019 ఏప్రిల్ 1 నుంచి, మొదటి 1000 కంపెనీలకు 2020 ఏప్రిల్ 1 నుంచి కనీసం ఒక స్వతంత్ర మహిళా డైరెక్టర్ తప్పనిసరి. స్వతంత్ర అంటే ప్రమోటర్లకూ, డైరెక్టర్లకూ బంధువు కాకూడదు, కంపెనీతో చెప్పుకోదగ్గ డబ్బు సంబంధం ఉండకూడదు. వెయ్యో ర్యాంకు కింద ఉన్న కంపెనీల్లో వదినగారి కుర్చీకి ఇప్పటికీ ఢోకా లేదు.

ఇక ఆచరణలో ఎక్కడ తేడా కొడుతుందో చూద్దాం. కంపెనీ సెక్రటరీలు (కంపెనీలో చట్టపు నిబంధనల పని చూసేవాళ్లు) ఎక్కువగా ఇరుక్కునేది ఖాళీ భర్తీ దగ్గర. ఒకే స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉన్న కంపెనీలో ఆమె రెండు మూడు గళ్లు నింపుతుంటారు. మహిళ అన్న గడి ఒకటి, స్వతంత్ర డైరెక్టర్ల సంఖ్య ఒకటి, ముగ్గురే సభ్యులున్న ఆడిట్ కమిటీలో కుర్చీ ఒకటి. ఆమె వెళ్లిపోతే మూడు నిబంధనలూ ఒకేసారి తప్పుతాయి. రాజీనామా వల్ల వచ్చిన ఖాళీ అయితే మూడు నెలల్లో నింపాలి. పదవీకాలం ముగియడం వల్ల అయితే ఆ మూడు నెలలు కూడా లేవు. ఆమె దిగే రోజుకే కొత్తవారు వచ్చి ఉండాలి. పదవీకాలం ముగిసే తేదీ ఐదేళ్ల ముందే తెలుసు కదా, ఇంకా గడువెందుకన్నది సెబీ వాదన. న్యాయమే.

స్వతంత్ర డైరెక్టర్ పదవి ఒక విడతకు గరిష్ఠంగా ఐదేళ్లు, వరసగా రెండు విడతలు, ఆ తర్వాత మూడేళ్లు ఆ కంపెనీకి దూరం. 2014-15 హడావిడిలో స్వతంత్ర డైరెక్టర్లుగా చేరి రెండు విడతలూ పూర్తి చేసినవారికి 2024-25కి పదేళ్లు నిండాయి. ముందు చూపులేని కంపెనీలు అప్పుడు మళ్లీ వెతుకులాటకు దిగాల్సిందే. నిజానికి ఆరు నెలల ముందే పని మొదలుపెట్టాలి. డైరెక్టర్ల పేర్లు సూచించే నామినేషన్ కమిటీ కూర్చుని బోర్డులో లేని నైపుణ్యం ఏదో రాసుకోవాలి. ఎగుమతుల అనుభవమా, సైబర్ భద్రతా, పన్నులా? "ఒక మంచి మహిళ కావాలి" అని మొదలుపెట్టిన వెతుకులాట ఛైర్మన్ స్నేహితుల ఫోన్ బుక్ దగ్గరే ఆగుతుంది. వెతకడానికి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ కింద స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంక్ 2019 డిసెంబర్ నుంచి నడుస్తోంది. అందులో నమోదైనవారు, మినహాయింపు లేకపోతే, ఆన్‌లైన్ పరీక్షలో 50 శాతం తెచ్చుకోవాలి. పేరు ఖాయమయ్యాక సమ్మతి పత్రం, అనర్హత లేదన్న ప్రకటన, ఇతర సంస్థల్లో ఉన్న ఆసక్తుల వివరం, స్వతంత్రత ప్రకటన తీసుకుని బోర్డు ముందు పెట్టాలి. నియామకం జరిగిన 30 రోజుల్లో రిజిస్ట్రార్‌కు ఫారం దాఖలు చేయాలి. వాటాదారుల ప్రత్యేక తీర్మానం మూడు నెలల్లోపు, అంతకు ముందే సర్వసభ్య సమావేశం ఉంటే అక్కడే తీసుకోవాలి. ప్రత్యేక తీర్మానమంటే నాలుగింట మూడొంతుల ఓట్లు. పోస్టల్ బ్యాలెట్‌కే 30 రోజులు పోతాయి, ఈ లెక్క మరిచిపోయి చివర్లో చేతులెత్తేసేవాళ్లున్నారు.

జరిమానా ఎంత? బోర్డు కూర్పు తప్పితే స్టాక్ ఎక్స్ఛేంజీ రోజుకు 5,000 వేస్తుంది. ఆడిట్ కమిటీ కూర్పు కూడా తప్పితే రోజుకు మరో 2,000. రెండూ కలిపి 90 రోజుల త్రైమాసికానికి 6 లక్షల 30 వేలు. వేల కోట్ల కంపెనీకి ఇది సమోసా ఖర్చు. తప్పు కొనసాగితే ప్రమోటర్ల వాటాలను స్తంభింపజేసే అధికారం ఉంది చూశారా, అసలు కదిలించేది అది.

డబ్బు మాటొచ్చింది కాబట్టి ఒక చిన్న నిబంధన. బోర్డు మీటింగుకు చెల్లించే సిట్టింగ్ ఫీజు గరిష్ఠంగా లక్ష. మహిళా డైరెక్టర్లకూ, స్వతంత్ర డైరెక్టర్లకూ మిగతావాళ్లకంటే తక్కువ ఇవ్వకూడదని నిబంధనల్లోనే రాశారు. అలా రాయాల్సి వచ్చిందంటే కారణం మీరే ఊహించుకోవచ్చు.

నియామకం తర్వాత జరిగే తప్పు ఇంకా పెద్దది, దానికి జరిమానా కూడా లేదు. కొత్త మహిళా డైరెక్టర్‌ను సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక సేవా పనులు) కమిటీలో వేసి చేతులు దులుపుకుంటారు. బడికి బెంచీలు, ఊరికి మంచినీళ్ల ప్లాంటు మంచి పనులే. కానీ డబ్బు దారి తప్పేది అక్కడ కాదు. ప్రమోటర్ సొంత సంస్థలతో చేసే లావాదేవీలను ఆమోదించే అధికారం 2022 జనవరి నుంచి ఆడిట్ కమిటీలోని స్వతంత్ర సభ్యులకే ఉంది. మేటాస్ లాంటి ప్రతిపాదన ఈరోజు వస్తే ముందు ఆగాల్సిన గుమ్మం అదే. ఆమె ఆ గదిలో లేకపోతే ఎక్కడున్నా ఒకటే.

ఆ గదిలో ఉన్నా చేతిలో కాగితం లేకపోతే లాభం లేదు. రాన్ డుచిన్, జాన్ మాట్సుసాకా, ఒగుజాన్ ఓజ్‌బాస్ 2010లో తేల్చింది ఇదే. కంపెనీ గురించి సమాచారం సులువుగా దొరికే చోట బయటి డైరెక్టర్లను పెంచితే పనితీరు మెరుగుపడింది, దొరకని చోట దిగజారింది. ఈ సూత్రం ఆడా మగా ఇద్దరికీ ఒకటే. కానీ మహిళల్లో ఎక్కువ మంది బయటి నుంచి కొత్తగా వచ్చినవారు కావడంతో దెబ్బ వాళ్లకే ఎక్కువ తగులుతుంది. అజెండా, దాని నోట్స్ ఏడు రోజుల ముందు అందాలన్నది సెక్రటేరియల్ ప్రమాణం. ముందు రోజు రాత్రి 400 పేజీల పీడీఎఫ్ పంపి, అసలు అంశాన్ని "ఛైర్మన్ అనుమతితో ఇతర విషయాలు" కింద టేబుల్ మీద పెట్టే అలవాటు మన దగ్గర పాతదే. అలాంటప్పుడు డైరెక్టర్ చేయాల్సిన పని ఒకటుంది: అంశాన్ని వాయిదా వేయమని ఈమెయిల్‌లో అడగడం. ముసాయిదా మినిట్స్ మీటింగైన 15 రోజుల్లో వస్తాయి. వాటి మీద అభిప్రాయం చెప్పడానికి 7 రోజులుంటాయి. తను అన్నది అందులో లేకపోతే ఆ ఏడు రోజుల్లోనే రాసి పంపాలి. తర్వాత కేసు వస్తే చట్టం అడిగేది తెలిసి జరిగిందా, సమ్మతి ఉందా, శ్రద్ధ చూపారా అన్న ప్రశ్నలే. వాటికి మినిట్స్ చెప్పిందే జవాబు.

వార్షిక నివేదికలో చూసుకోవాల్సిన పేజీ

షేర్లు కొనే ముందు ఒక కంపెనీ బోర్డులో మహిళ పేరుకే ఉన్నారా, పనికి ఉన్నారా అని తెలుసుకోవాలంటే పది నిమిషాలు చాలు. వార్షిక నివేదికలో కార్పొరేట్ గవర్నెన్స్ రిపోర్ట్ తెరవండి. మొదట హాజరు పట్టిక చూడండి. చట్టం ప్రకారం ఏడాదికి కనీసం నాలుగు బోర్డు మీటింగులు, రెండింటి మధ్య 120 రోజులు మించకూడదు. ఏడింటిలో రెండింటికి వచ్చిన డైరెక్టర్ ఆడైనా మగైనా లెక్కలోకి రారు. పక్కనే ఆమె ఇంకా ఎన్ని కంపెనీల్లో ఉన్నారో ఉంటుంది. నమోదైన కంపెనీల్లో గరిష్ఠ పరిమితి ఏడు. ఏడూ నిండితే నాలుగేసి చొప్పున బోర్డు మీటింగులే 28, వాటి కమిటీలు అదనం, అదీ ఫలితాలు ప్రకటించే ఆ మూడు నాలుగు వారాల్లోనే గుట్టగా పడతాయి. నార్వేలో ఇలాంటివాళ్లకు "బంగారు స్కర్టులు" అని పేరు పెట్టారు. ఇక్కడా అవే పేర్లు పదే పదే కనిపిస్తాయి. తప్పు వాళ్లది కాదు, ఆ ఫోన్ బుక్‌ది.

తర్వాత కమిటీల జాబితా. ఆడిట్, నామినేషన్ కమిటీల్లో ఆమె పేరుందా, ఏదైనా కమిటీకి అధ్యక్షురాలా? ఆ కింద నైపుణ్యాల పట్టిక ఉంటుంది. ప్రతి డైరెక్టర్ పేరు ఎదురుగా ప్రతి గడిలో టిక్కు ఉంటే ఆ పట్టికను ఎవరూ ఆలోచించి నింపలేదని అర్థం. చివరగా గడచిన రెండు మూడేళ్లలో స్వతంత్ర డైరెక్టర్లెవరైనా మధ్యలో రాజీనామా చేశారేమో చూడండి. కారణాన్ని ఎక్స్ఛేంజీకి తెలపాలి, ఇంకే కారణమూ లేదని కూడా వాళ్లే ధ్రువీకరించాలి. "వ్యక్తిగత కారణాలు" అని ఉండి, అదే త్రైమాసికంలో ఆడిటర్ కూడా మారితే ఆ షేరు మీద డబ్బు పెట్టే ముందు సంబంధిత పక్షాల (ప్రమోటర్ సొంత సంస్థల్లాంటివాటి) లావాదేవీల నోట్‌ను చివరి పంక్తి దాకా చదవండి.